పేగు ఆపరేషన్ తరువాత నొప్పి: హిప్నాసిస్ ఎంతవరకు తోడ్పడుతుంది?

పేగుకు ఆపరేషన్ అయిన రోగిని రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "గ్యాస్ పోయిందా?" రోగి సిగ్గుపడతాడు. మంచం పక్కనున్న బంధువులు ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. నిజానికి ఆ వార్డులో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న చాలా తక్కువ. కింది నుంచి గాలి పోయిందంటే పేగు మళ్ళీ పని మొదలుపెట్టిందన్నమాట, ఇంటికి వెళ్ళే రోజు దగ్గరపడిందన్నమాట.

ఆ కదలిక ఆలస్యం కావడానికి ఉన్న కారణాల్లో ఒకటి మేము ఇచ్చే నొప్పి మందే. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. నొప్పికి మందు ఇవ్వకపోతే రోగి తట్టుకోలేడు, ఎక్కువ ఇస్తే పేగు నిద్రపోతుంది. ఈ చిక్కు నుంచి బయటపడే దారుల్లో హిప్నాసిస్ ఒకటి అని కొన్ని దశాబ్దాల అధ్యయనాలు చెబుతున్నాయి. అది ఎలా పనిచేస్తుంది, ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న సంగతులు ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆపరేషన్ తరువాత పేగు ఎందుకు మొరాయిస్తుంది?

పేగు ఎప్పుడూ కదులుతూ ఉండే అవయవం. అలల్లా ముడుచుకుంటూ, వదులవుతూ, మనం తిన్నదాన్ని ముందుకు నెడుతుంది. టైఫాయిడ్ వల్ల పేగుకు చిల్లు పడినా, పేగు మెలిపడినా, కేన్సర్ గడ్డ అడ్డుపడినా సర్జన్ పొట్ట తెరిచి, చెడిన భాగం తీసివేసి, మిగిలిన చివర్లను కలిపి కుట్టవలసి రావచ్చు. ఆ తరువాత పేగు కొంతకాలం కదలడం మానేస్తుంది. మామూలుగా చిన్న పేగు ఒక రోజు లోపల, జీర్ణకోశం ఒకటి రెండు రోజుల్లో, పెద్ద పేగు రెండు మూడు రోజుల్లో తిరిగి కదులుతాయి. అంతకంటే ఆలస్యమైతే కడుపు ఉబ్బుతుంది, వాంతులవుతాయి, ముక్కులోంచి గొట్టం వేయవలసి వస్తుంది. ఆసుపత్రిలో ఉండే రోజులు పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది.

దీనికి ముఖ్యంగా మూడు కారణాలు. మొదటిది, ఆపరేషన్‌లో పేగును చేతితో తాకి కదిలించడం వల్ల దాని గోడలో వచ్చే వాపు. రెండవది, నొప్పి, భయం. భయపడిన శరీరం ప్రమాదంలో ఉన్నానని అనుకొని, శక్తినంతా గుండెకు, కండరాలకు మళ్ళించి జీర్ణక్రియను పక్కన పెడుతుంది. మూడవది మార్ఫిన్, పెథిడిన్, ఫెంటానిల్, ట్రమడాల్ వంటి మందులు. మార్ఫిన్ జాతి మందులు మెదడులోను, వెన్నుపాములోను కొన్ని గ్రాహకాలకు అతుక్కొని నొప్పిని తగ్గిస్తాయి. సరిగ్గా అవే గ్రాహకాలు పేగు గోడలోని నరాల మీద కూడా ఉన్నాయి. కనుక నొప్పిని అణచే మందే పేగును కూడా అణచివేస్తుంది. వికారం, మగత కూడా వస్తాయి.

అలాగని మందు మానేయడం పరిష్కారం కాదు. నొప్పితో ఉన్న మనిషి గట్టిగా దగ్గలేడు, గుండెల నిండా ఊపిరి పీల్చలేడు. కఫం ఊపిరితిత్తుల్లో నిలిచి న్యుమోనియా రావచ్చు. మంచం దిగలేడు కనుక కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. కాబట్టి నొప్పి తగ్గాలి, మార్ఫిన్ అవసరం కూడా తగ్గాలి. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ ఇందుకోసం ఒకే మందు మీద ఆధారపడకుండా, చిన్న చిన్న సాయాలను కలిపి వాడే పద్ధతిని ముందుకు తెచ్చాడు. వెన్నులో సన్నని గొట్టం ద్వారా ఇచ్చే తిమ్మిరి మందు, పారాసెటమాల్ వంటి ఇతర నొప్పి మందులు, త్వరగా లేపి నడిపించడం, త్వరగా నోటి ద్వారా ద్రవాలు మొదలుపెట్టడం అందులోని భాగాలు. హిప్నాసిస్‌ను కూడా ఈ వరుసలో చేరగల ఒక చిన్న సాయంగానే చూడాలి.

హిప్నాసిస్ అంటే ఏమిటి, ఏది కాదు?

మన వైపు హిప్నాటిజం అనగానే స్టేజి ప్రదర్శనలు గుర్తొస్తాయి. ఎవరినో వేదిక మీదకు పిలిచి, నిద్రపుచ్చి, ఉల్లిపాయను యాపిల్ అని తినిపించడం వంటివి. పల్లెల్లో కొందరు దీన్ని వశీకరణం అంటారు, చేతబడితో కలిపి భయపడతారు. వైద్యంలో వాడే హిప్నాసిస్ అది కాదు. ఇందులో మంత్రం లేదు, తాయెత్తు లేదు, ఎవరి మనసునూ ఎవరూ లొంగదీసుకోరు.

హిప్నాసిస్ అంటే మనసు ఒకే విషయం మీద గాఢంగా నిలిచి, చుట్టూ ఉన్న మిగతా విషయాలు వెనక్కి తగ్గే స్థితి. టీవీ సీరియల్‌లో లీనమైన ఇల్లాలికి కుక్కర్ విజిల్ వినపడదు. సినిమా హాల్లో దోమలు కుట్టినట్టు ఇంటికి వచ్చాకగాని తెలియదు. ఆ స్థితిని కావాలని, ఒక ప్రయోజనం కోసం, శిక్షణ పొందిన వ్యక్తి సాయంతో తెచ్చుకోవడమే హిప్నాసిస్. మనసు అలా నిలిచి ఉన్నప్పుడు చెప్పే మాటలను సూచనలు అంటాం. ఆ సమయంలో అవి లోతుగా నాటుకుంటాయి.

ఇది నిద్ర కాదు. రోగికి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఎప్పుడు కావాలన్నా కళ్ళు తెరవవచ్చు, వద్దనవచ్చు. ఈ పేరును ప్రచారంలోకి తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్ స్కాట్లండ్‌కు చెందిన సర్జన్. 1843లో వచ్చిన తన పుస్తకంలో ఆయన నిద్రకు గ్రీకు మాటైన హిప్నోస్ నుంచి ఈ పేరు పెట్టాడు. ఇది నిద్ర కాదని గ్రహించి తరువాత వేరే పేరు సూచించాడు గాని, అప్పటికే పాత పేరు స్థిరపడిపోయింది.

మన దేశంలోనే జరిగిన ఒక ప్రయత్నం

హిప్నాసిస్‌కు ముందు రూపమైన మెస్మరిజంతో పెద్ద ఆపరేషన్లు చేసిన చరిత్ర మన దేశానిదే. జేమ్స్ ఎస్డేల్ అనే స్కాటిష్ సర్జన్ బెంగాల్‌లోని హుగ్లీలో పనిచేసేవాడు. అప్పటికి మత్తు మందు లేదు. రోగిని నలుగురు పట్టుకొని ఉండగా కోయడమే. 1845లో ఎస్డేల్ ఒక ఖైదీకి బుడ్డ ఆపరేషన్ సందర్భంలో మొదటిసారి ఈ పద్ధతిని ప్రయత్నించాడు. తరువాత పెద్ద పెద్ద గడ్డలు కూడా ఇలాగే తీశాడు. 1846లో తన అనుభవాలను పుస్తకంగా ప్రచురించాడు. కలకత్తాలో ఇందుకోసమే ఒక చిన్న ఆసుపత్రి కూడా ఏర్పడింది.

అదే 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ మత్తు కింద బహిరంగంగా ఆపరేషన్ జరిగింది. 1847లో క్లోరోఫారం వచ్చింది. గంటల తరబడి రోగి పక్కన కూర్చొని చేసే పద్ధతి కంటే నిమిషాల్లో పనిచేసే మందు మేలు కనుక వైద్యలోకం అటు మళ్ళింది. అది సరైన నిర్ణయమే. పైగా ఎస్డేల్ నమ్మినట్టు డాక్టరు చేతుల నుంచి రోగిలోకి ప్రవహించే అయస్కాంత శక్తి ఏదీ లేదు. 1784లోనే ఫ్రాన్స్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజర్ తదితరులున్న సంఘం పరీక్షించి, అలాంటి శక్తి లేదని, జరిగేదంతా ఊహ వల్లనేనని తేల్చింది. అయితే ఊహకు శరీరం మీద ఇంత పట్టు ఎలా వచ్చిందన్న ప్రశ్న మిగిలిపోయింది. దానికి జవాబు చాలాకాలం తరువాత మెదడు చిత్రాల్లో దొరికింది.

నొప్పికి రెండు ముఖాలు

నొప్పిలో రెండు భాగాలున్నాయి. "ఎక్కడ, ఎంత గట్టిగా" అని తెలిపేది ఒకటి. "అమ్మో, భరించలేను" అనిపించేది రెండవది. 1997లో కెనడాలోని మాంట్రియల్ శాస్త్రజ్ఞులు కొందరు ఆరోగ్యవంతుల చేతిని బాగా వేడిగా ఉన్న నీటిలో ఉంచి, హిప్నాసిస్ ద్వారా బాధను పెంచే సూచనలు, తగ్గించే సూచనలు ఇచ్చి మెదడును చిత్రాలు తీశారు. నీటి వేడి అదే. నొప్పి జాడను గుర్తించే మెదడు భాగంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. బాధను అనుభవింపజేసే లోపలి భాగం మాత్రం సూచనను బట్టి హెచ్చుతగ్గులైంది. అంటే రోగి నటించడం లేదు, మనల్ని సంతోషపెట్టడానికి నొప్పి లేదని చెప్పడం లేదు. మెదడులోనే బాధ తగ్గుతోంది.

పేగు రోగికి దీని ప్రయోజనం రెండు విధాలు. బాధ తగ్గితే మార్ఫిన్ అవసరం తగ్గుతుంది. భయం తగ్గితే శరీరం జీర్ణక్రియ మీద వేసిన బిగువు సడలుతుంది.

పరీక్షల్లో తేలినదేమిటి?

పేగు విషయానికి అతి దగ్గరగా ఉన్న అధ్యయనం 1993లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వెలువడింది. పొట్ట ఆపరేషన్‌కు వచ్చిన 40 మందిని రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు ఆపరేషన్‌కు ముందు అయిదు నిమిషాలు, పేగులు త్వరగా కదులుతాయని, కడుపులో గుడగుడమంటుందని, ఆకలి వేస్తుందని సూచనలు ఇచ్చారు. రెండవ జట్టుకు అంతే సేపు మామూలు ధైర్యవచనాలు చెప్పారు. సూచనలు విన్నవారిలో పేగు సగటున 2.6 రోజులకు కదిలింది, మిగతావారిలో 4.1 రోజులకు. మొదటివారు 6.6 రోజులకు, రెండవవారు 8.1 రోజులకు ఇంటికి వెళ్ళారు. ఇది పూర్తి హిప్నాసిస్ కాదు, సూచన మాత్రమే. కొలిచింది కూడా ముఖ్యంగా పేగు కదలికనే. రోగుల సంఖ్య చిన్నది. అయినా అయిదు నిమిషాల మాటకు ఇంత తేడా కనబడటం ఆలోచించదగ్గది.

నొప్పి మందు విషయంలో వేరే ఆపరేషన్ల నుంచి మంచి ఆధారాలున్నాయి. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, రక్తనాళాలలోకి, మూత్రపిండాలలోకి గొట్టాలు పంపి చేసే చికిత్సలకు వచ్చిన 241 మంది మెలకువగానే ఉన్నారు. మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారికి సమయం గడిచేకొద్దీ నొప్పి పెరుగుతూ పోయింది. హిప్నాసిస్ పొందినవారికి అలా పెరగలేదు, మందు కూడా సగం కంటే తక్కువ పట్టింది. ఇక్కడ గమనించవలసిన మరో సంగతి ఉంది. హిప్నాసిస్ లేకుండా, ఒక మనిషి పక్కన కూర్చొని శ్రద్ధగా మాట్లాడుతూ ఉన్న జట్టుకూ దాదాపు అంతే తక్కువ మందు సరిపోయింది.

2007లో న్యూయార్క్‌లో రొమ్ము కేన్సర్ ఆపరేషన్‌కు వచ్చిన 200 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో ముందుగా 15 నిమిషాల హిప్నాసిస్ ఇచ్చినవారికి మత్తు మందు తక్కువ సరిపోయింది, తరువాత నొప్పి, వికారం, నీరసం తక్కువగా ఉన్నాయి. 2020లో జర్మనీలో 385 మందిపై జరిగిన అధ్యయనంలో దాదాపు సగం మందికి పూర్తి మత్తులో ఉండగానే చెవుల్లో ఇయర్‌ఫోన్ల ద్వారా ధైర్యమిచ్చే సూచనలు వినిపించారు. మొదటి 24 గంటల్లో వారికి పట్టిన మార్ఫిన్ జాతి మందు దాదాపు మూడో వంతు తగ్గింది.

ఈ అధ్యయనాలన్నీ పేగు రోగుల మీద జరిగినవి కావు. కాబట్టి పేగు ఆపరేషన్ తరువాత మందు ఇంత శాతం తగ్గుతుందని లెక్క కట్టి చెప్పడం సరికాదు. తోడ్పడే అవకాశం బాగా ఉంది, ప్రమాదం చాలా తక్కువ అని చెప్పవచ్చు.

ఎలా చేస్తారు?

ముందే తేదీ నిర్ణయించిన ఆపరేషన్ అయితే రెండు మూడు రోజుల ముందు నుంచి రోజుకు పది పదిహేను నిమిషాలు సరిపోతుంది. శిక్షణ పొందిన డాక్టరు, మానసిక నిపుణుడు లేదా నర్సు రోగి పక్కన కూర్చొని మెల్లగా, ఆగి ఆగి మాట్లాడతారు. రోగి మాట్లాడే యాసలోనే చెప్పాలి. ఆ మాటలు ఇలా ఉండవచ్చు:

"కళ్ళు మూసుకోండమ్మా. ఊపిరి నెమ్మదిగా వదలండి. వదిలిన ప్రతిసారీ భుజాలు కిందికి జారుతున్నాయి. మీకు ఇష్టమైన చోట కూర్చున్నారు. చెట్టు నీడ, చల్లగాలి. ఆపరేషన్ అయ్యాక మెలకువ వస్తుంది. పొట్ట మీద కట్టు ఉన్నట్టు, కొంచెం బిగువుగా, బరువుగా తెలుస్తుంది. అది మానుతున్న చోటు. లాకులు ఎత్తగానే కాలవలో నీరు మెల్లగా కదిలినట్టు మీ పేగులు కదులుతాయి. కడుపులో గుడగుడ వినిపిస్తుంది. ఆకలి వేస్తుంది. నొప్పి ఎక్కువగా ఉంటే సిస్టరును పిలుస్తారు, మందు అడుగుతారు. మందు కూడా బాగా పనిచేస్తుంది."

చివరి రెండు మాటలు ఎప్పుడూ వదలకూడదు. మందు అడగడం ఓటమి కాదని రోగికి తెలియాలి. కొన్నిసార్లు విన్నాక చాలామంది ఇదే సాధనను ఎవరి సాయమూ లేకుండా చేసుకోగలరు. రాత్రి వార్డు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, నొప్పి పెద్దదిగా తోచే సమయంలో ఇది బాగా అక్కరకు వస్తుంది. అర్ధరాత్రి పేగు మెలిపడి వచ్చినవారికి ఇంత సమయం ఉండదు. వారిని థియేటర్‌కు తీసుకువెళ్ళే స్ట్రెచర్ పక్కన నడుస్తూ ఒక నర్సు నిదానంగా చెప్పే నాలుగు మాటలు కూడా వృథా కావు.

చూడవచ్చేవారికి ఒక మనవి

మంచి మాట మందు తగ్గించినట్టే చెడ్డ మాట మందు పెంచుతుంది. "ఇప్పుడు బాగా నొప్పి పుడుతుంది" వంటి హెచ్చరికలు నొప్పిని, ఆందోళనను తగ్గించకపోగా పెంచుతున్నాయని 2005లో వచ్చిన ఒక అధ్యయనం తెలిపింది. మన వార్డుల్లో "అయ్యో, ఎంత కోశారమ్మా!", "మా చిన్నాన్నకూ ఇలాగే చేస్తే నెల రోజులు లేవలేదు" అన్న మాటలు రోజూ వినిపిస్తాయి. ప్రేమతో అన్నవే గాని, రోగి మనసులో అవి కూడా సూచనలుగానే పడతాయి. వాటికి బదులు "ఈ రోజు నిన్నటికంటే బాగా కూర్చున్నావు", "పద, తలుపు దాకా నడుద్దాం" అనండి. అబద్ధపు ధైర్యం చెప్పనవసరం లేదు. నిజంగా కనబడిన మెరుగు ఒకటి చూసి చెబితే చాలు.

హద్దులు, జాగ్రత్తలు

హిప్నాసిస్ అందరికీ ఒకేలా పనిచేయదు. కొందరికి చాలా బాగా పట్టుబడుతుంది, కొందరికి అసలు పట్టుబడదు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. పట్టుబడకపోతే అది మనోబలం తక్కువని కాదు. లేనివి కనిపించడం, వినిపించడం వంటి తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారికి మానసిక వైద్యుని సలహా లేకుండా చేయకూడదు.

బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1955లోనే హిప్నాసిస్‌ను వైద్యంలో ఉపయోగకరమైన పద్ధతిగా అంగీకరించింది. మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2003లో దీన్ని చికిత్సా విధానంగా గుర్తిస్తూ, తగిన శిక్షణ పొందినవారే చేయాలని చెప్పింది. కాబట్టి మందులన్నీ ఆపించి హిప్నాటిజంతోనే నయం చేస్తానని డబ్బు అడిగేవారి దగ్గరకు వెళ్ళకండి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఇది. కొత్తగా వచ్చిన నొప్పిని, పెరుగుతున్న నొప్పిని హిప్నాసిస్‌తో అణచుకోవాలని చూడకూడదు. పేగు కుట్టు విడిపోతే లోపలి మలం పొట్టలోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు నొప్పి మన శత్రువు కాదు, మనల్ని పిలుస్తున్న కావలివాడు. కింది లక్షణాల్లో ఏది కనబడినా వెంటనే సిస్టరుకు, డాక్టరుకు చెప్పండి. ఇంటికి వెళ్ళాక కనబడితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.

- రోజురోజుకు తగ్గవలసిన నొప్పి మళ్ళీ పెరగడం
- జ్వరం, వణుకు, గుండె వేగంగా కొట్టుకోవడం
- పొట్ట చెక్కలా గట్టిపడటం
- గ్యాస్ పోవడం మొదలై మళ్ళీ ఆగిపోయి, ఉబ్బరం, వాంతులు రావడం
- కుట్ల నుంచి చీము గాని, మలం వంటి ద్రవం గాని రావడం

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసినవి

1. మార్ఫిన్ జాతి మందులు నొప్పిని తగ్గిస్తాయి, కాని పేగు కదలికను కూడా తగ్గిస్తాయి. అందుకే పేగు ఆపరేషన్ తరువాత వాటి అవసరం తగ్గించే ప్రతి సాయమూ విలువైనదే.
2. హిప్నాసిస్ నిద్ర కాదు, వశీకరణం కాదు. గాఢమైన ఏకాగ్రతలో చెప్పే మాటల ద్వారా నొప్పి కలిగించే బాధను తగ్గించే పద్ధతి.
3. ఇది మందుకు తోడు, మందుకు బదులు కాదు. నొప్పి ఉంటే దాచకండి, మందు అడగండి.
4. నడవడం, లోతుగా ఊపిరి పీల్చడం, డాక్టరు చెప్పినప్పుడు తాగడం, తినడం కూడా పేగును లేపే మందులే.
5. రోగి పక్కన కూర్చునేవారి మాట కూడా చికిత్సలో భాగమే.

మీ ఇంట్లో ఎవరికైనా పేగు ఆపరేషన్ జరగవలసి ఉంటే, ముందు రోజు మత్తు డాక్టరు చూడటానికి వచ్చినప్పుడు ఈ రెండు ప్రశ్నలు అడగండి: "నొప్పికి ఏయే మందులు ఇస్తారు? మార్ఫిన్ తక్కువ పట్టేలా మేము ముందుగా ఏమి సాధన చేయవచ్చు?" అడిగినందుకు ఏ డాక్టరూ తప్పు పట్టరు. ముందే సిద్ధపడి వచ్చిన రోగికి చికిత్స చేయడం మాకూ తేలిక.